ఎనభై ఎనభైలో ఎవరున్నారు

స్తమెంక దగ్గర రెండు తాళంచెవులు ఉండేవి. ఒకటి ఆమెది, ఒకటి వెలికోది. రెండూ ఒకే తాళానివి. దోల్నా స్లివిత్స ఊరి పఠనమందిరం తలుపుకున్న పాత ఇనప తాళం అది. ఎడమకు సగం తిప్పి, తలుపును మోకాలితో ఒక్క నెట్టు నెట్టి, మళ్లీ కుడికి తిప్పితే తప్ప తెరుచుకోదు. ఆ కిటుకు ఊళ్లో ఇద్దరికే తెలుసు. ఏప్రిల్ ఇరవయ్యారు నుంచి ఒక్కరికే.

వెలికో ఆ మందిరానికి కాపలాదారు. ఈస్టరుకు ఇంకా తొమ్మిది రోజులుందనగా, పొయ్యి గొట్టంలో మసి దులిపి నిచ్చెన దిగి, "కాస్త కూర్చుంటాను" అన్నాడు. కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. అరవై రెండేళ్లు. ఏ మందూ మింగినవాడు కాదు, ఏ డాక్టరు గుమ్మమూ తొక్కినవాడు కాదు.

స్తమెంక ఏటి అవతలి ఊరి పిల్ల. ఏడో తరగతి దాకా చదివింది. ఇరవై రెండో ఏట ఈ ఊరికి కోడలిగా వచ్చింది. అప్పటి నుంచి ముప్పై ఆరేళ్లు వండింది, ఉతికింది, శరదృతువు వచ్చిందంటే మిరపకాయలు కాల్చి సీసాలకు ఎత్తింది. పిల్లల్లేరు. ఉన్నది వెలికో ఒక్కడే. అతని దగ్గు, గొణుగుడు, రేడియో, వసారాలో చెక్కచెప్పుల టకటక, ఇవే ఇల్లు నిండా ఉండేవి. అతను పోయాక ఇంట్లో చప్పుడనేది ఫ్రిజ్ ఒక్కటే చేసేది. అది ఆగినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడి ఎవరో వెళ్లిపోయారనుకునేది.

నలభై రోజులూ గడిచాక మేయరు లాజర్ వచ్చాడు. వెలికోకు చిన్ననాటి స్నేహితుడు, పొట్టివాడు, పెద్ద గొంతువాడు.

"వదినా, ఆ తాళం తియ్యడం నీకొక్కదానికే వచ్చు. నేను ప్రయత్నిస్తే మోకాలు వాచింది. వెలికో పని నువ్వే చెయ్యి."

"నాకేం వచ్చు లాజర్?"

"రావడానికేముంది. పొద్దున తెరువు, దుమ్ము దులుపు, సాయంత్రం మూసెయ్యి. ఆ కంప్యూటరొకటి ఉంది, దాన్ని కూడా చూసుకో."

అప్పటి నుంచి ఆమెకు పొద్దున లేస్తే వెళ్లడానికొక చోటంటూ ఏర్పడింది. ఇంతకు మించి ఆమె ఎవరినీ ఏదీ అడగలేదు. ఎనిమిదికల్లా తలుపు దగ్గరుండేది. తలుపు మీద వెలికో కాగితాలు రెండుండేవి, పోయిన రోజుదీ, నలభయ్యో రోజుదీ. ఊళ్లో ఎవరు పోయినా వాళ్ల కాగితం ఆ తలుపు మీదే పడుతుంది. చుట్టూ మందపాటి నల్లగీత, మధ్యలో పేరు, కింద తేదీ. ఆరు నెలలకొకటి, ఏడాదికొకటి మళ్లీ అంటిస్తారు. స్తమెంక ఆ రెండింటినీ చేత్తో ఒకసారి సాపు చేసి, తాళం ఎడమకు సగం తిప్పేది. లోపలికెళ్లి మొదట కంప్యూటరు మీట నొక్కేది, తర్వాత పొయ్యి ముట్టించేది. వెలికో ఆ వరసలోనే చేసేవాడు.

కంప్యూటరు సంగతి ఇలా ఉంది. అంతకుముందు ఏడాది జిల్లా కార్యాలయం వాళ్లు దాన్ని ఊరికిచ్చారు. నలభై పేజీల మార్గదర్శిని ఒకటీ, షరతు ఒకటీ కూడా ఇచ్చారు. వచ్చే సెయింట్ దిమితార్ పండుగ లోపల, అంటే అక్టోబరు ఇరవయ్యారు లోపల, ఆ కంప్యూటరు మీద ఒక వెబ్ సర్వీసు నడుస్తూ కనపడాలి. పెద్దదేం అక్కర్లేదు, మార్గదర్శినిలో ఇచ్చిన నమూనా నడిపినా చాలు. నడవకపోతే కంప్యూటరు వేరే ఊరికి పోతుంది, గదికి తాళం పడుతుంది, కాపలాదారు ఉద్యోగం రద్దవుతుంది.

వెలికో బతికుండగా ఒకనాడు మిరపకాయలు కాలుస్తూ ఆమె అడిగింది.

"వెబ్ సర్వీసంటే ఏంటి వెలికో?"

"తలుపు వెనక ఒకడు కూర్చునుంటాడు. బయట నుంచి ఎవరో తలుపు కొట్టి పేరు చెప్తారు. లోపలివాడు జవాబు చెప్తాడు. అంతే."

"రోజంతా అదే పనా?"

"రోజంతా అదే. ఎవరూ రాకపోయినా కూర్చునే ఉండాలి. ఎప్పుడు కొడతారో తెలీదు కదా."

"దానికో యంత్రం ఎందుకు? ముప్పై అయిదేళ్లుగా నేను చేస్తున్నది అదేగా."

వెలికో పడీపడీ నవ్వాడు. ఆ నవ్వులో గంపెడు మిరపకాయలు మాడిపోయాయి. ఏప్రిల్ మొదట్లో మాత్రం ఒకసారి, చేతులు కడుక్కుంటూ, ఏదో దాచిపెట్టినవాడి మొహంతో, "ఈస్టరుకు నీకొకటి చూపిస్తాను" అన్నాడు. ఏమిటని ఆమె అడగలేదు. ఈస్టరుకు ఇంకెన్నాళ్లుందిలే అనుకుంది.

సెప్టెంబరు రాగానే ఆమెకు గుబులు పట్టుకుంది. మార్గదర్శినిని ఇంటికి తెచ్చుకుని మూడు సార్లు చదివింది. తలా తోకా తెలియలేదు. ఆఖరికి తన పచ్చళ్ల పుస్తకం తీసి, కొత్త పేజీలో, తనకు తెలిసిన పద్ధతిలో రాసుకోవడం మొదలుపెట్టింది. కావలసినవి: కంప్యూటరు ఒకటి, నమూనా మూట ఒకటి, ఓపిక. చేసే విధానం: మూట విప్పాలి. విప్పినదంతా ఒకే గిన్నెలో ఉంచాలి, చెల్లాచెదరు చెయ్యకూడదు. అమరికల కాగితంలో ఒక్క వరసే మార్చాలి, ఉప్పు విషయంలోలాగా, మిగతాది ముట్టుకోకూడదు. ఆ తర్వాత "మొదలు" అని రాసి ఉన్నదాని మీద నొక్కాలి. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు ఉడుకుతున్నట్టు పైకి వస్తాయి. "సిద్ధం" అనే మాట కనపడే దాకా మూత తియ్యకూడదు.

ఇలా రాసుకున్నాక చాలావరకు దారికొచ్చింది. మూట విప్పింది. గిన్నెలో పెట్టింది. మొదలు నొక్కింది. తెల్ల అక్షరాలు బుడబుడమని పైకి వచ్చాయి. కాని ఆఖరున "సిద్ధం" రాలేదు. "8080 నంబరు ఇప్పటికే వాడుకలో ఉంది" అని వచ్చి ఆగిపోయింది.

మర్నాడూ అదే. వారం రోజులూ అదే. జిల్లా కార్యాలయానికి ఫోను చేసింది. అక్కడ రలీత్స అనే అమ్మాయి ఎత్తింది.

"అమ్మగారూ, కంప్యూటరుకు చాలా గుమ్మాలుంటాయి. ఒక్కో గుమ్మానికి ఒక్కో నంబరు. ఎనభై ఎనభైలో ఇప్పటికే ఎవరో ఉన్నారు."

"ఎవరు?"

"మీ కంప్యూటరే కదండీ. మీకే తెలియాలి."

"ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను."

"అయితే మీరే ఉన్నారేమో."

"నేను కుర్చీలో ఉన్నానమ్మా."

"ఉన్నవాళ్లెవరో చూసి ఖాళీ చేయించండి" అని రలీత్స ఫోను పెట్టేసింది.

స్తమెంక ఈ మాట మేయరు చెవిన వేసింది. ఊరి భూముల ఆక్రమణల మీద ఇరవై ఏళ్లుగా పోరాడుతున్నవాడు లాజర్. ఆక్రమణ అన్న మాట చెవిన పడితే అతని మొహం ఎర్రబడుతుంది. ఆదివారం చర్చి వదిలాక ఊరి సమావేశం పెట్టాడు.

"పఠనమందిరంలో ఎనభై ఎనభై నంబరును ఎవరో ఆక్రమించుకున్నారు. ఎవరో మర్యాదగా ఒప్పుకుంటే ఇక్కడితో పోతుంది."

ముందు వరసలో ఎనభై నాలుగేళ్ల మించో కర్ర మీద గడ్డం ఆనించి అన్నాడు.

"నా మేకలు ఆ వైపుకే రావు."

"మేకల గొడవ కాదు బాబాయ్."

"ముందే చెప్తున్నా. పోయినసారి కూడా మేకల గొడవ కాదనే మొదలుపెట్టావు."

మాంసం కొట్టు ట్రిఫోన్ లేచి, తన కొట్టు ఫోను నంబరు చివర ఎనభై ఉన్న మాట నిజమేననీ, కాని అది వాళ్ల నాన్న హయాం నుంచి ఉన్నదేననీ చెప్పుకున్నాడు. ఫాదర్ నికోదీం చర్చి తరఫున అలాంటి నంబరేదీ లేదని ప్రమాణం చేశాడు. రెండు గంటలు మాట్లాడుకుని, "ఆక్రమణదారు తేలలేదు" అని పుస్తకంలో రాసి, అందరూ సంతకాలు పెట్టారు. ఆ నంబరు గుమ్మం తట్టి చూద్దామన్న ఆలోచన మాత్రం ఒక్కరికీ రాలేదు. ఇంట్లో ఎవరున్నారో తెలియాలంటే తలుపు కొట్టే జనం, కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికి సంతకాలు పెట్టారు.

రలీత్సకు మళ్లీ ఫోను చేస్తే, "పోనీలెండి, పక్క గుమ్మంలో పెట్టుకోండి, ఎనభై ఎనభై ఒకటి" అంది. స్తమెంక ఉప్పులాంటి ఆ ఒక్క వరసా మార్చింది. మొదలు నొక్కింది. అక్షరాలు ఉడికాయి. "సిద్ధం" అని వచ్చింది.

ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చుంది. వెలికో పోయాక ఆమె చేతి మీదుగా జరిగిన మొదటి పని అది.

తెర మీద ఒక పేజీ తెరుచుకుంది. పేరు రాయడానికొక గడి. రాస్తే జవాబు వస్తుంది: పైన చిన్న అక్షరాల్లో "శుభదినం", మధ్యలో పెద్ద అక్షరాల్లో పేరు, కింద మళ్లీ చిన్న అక్షరాల్లో "మీ రాక నమోదైంది", ఆ కింద తేదీ, సమయం. చుట్టూ వేలెడు మందాన నల్లగీత. నమూనా తయారుచేసినవాళ్లు ఏ దూరదేశం వాళ్లో, వాళ్లకు ఆ గీత అందంగానే కనపడి ఉంటుంది.

ఆమె సంతోషం పట్టలేక మేయరుకు ఫోను చేసింది. అతను ఆ రోజు జిల్లా కేంద్రంలో ఏదో పని మీదున్నాడు.

"మార్గదర్శినిలో ముప్పై ఒకటో మెట్టు చూడు వదినా. అయిదు పేర్లు పెట్టి చూసి, ఫలితాలు జనానికి కనపడేలా పెట్టాలని ఉండాలి."

"ఉంది. ఎక్కడ పెట్టను?"

"తలుపు మీద అంటించు. ఊళ్లో అందరి కళ్లూ పడే చోటు అదేగా. మొదట నా పేరు పెట్టు."

మొదట అతని పేరే పెట్టింది. తర్వాత తప్పు లేకుండా రాయగలనన్న ధైర్యమున్న పేర్లు: ఫాదర్ నికోదీం, ఉత్తరాలు పంచే జ్లాత్కా, ట్రిఫోన్, మించో. తన పేరు పెట్టుకోవడానికి సిగ్గేసింది. అయిదు కాగితాలు అచ్చు వేసి, పిండి జిగురు రాసి, వెలికో కాగితాల పక్కన వరసగా అంటించింది. వంకర లేకుండా ఉన్నాయా లేవా అని దూరం నుంచి కూడా చూసుకుంది. వంకర లేవు. మిరపకాయలు కాల్చాల్సి ఉంది కనుక తాళం వేసి ఇంటికెళ్లిపోయింది.

ఆ ఊళ్లో తలుపు మీది కాగితం దగ్గరకెళ్లి చదివే అలవాటు ఎవరికీ లేదు. రోడ్డు అవతల నుంచే పేరూ అంకెలూ చూస్తారు, టోపీ తీస్తారు, పోతారు. మిగతా మాటలు ఎప్పుడూ ఒకటే కదా.

పదింటికల్లా తలుపు ఎదుట జనం.

"అయిదుగురా?"

"అయిదుగురే. అందరూ ఇవాళే."

"ఏం తిన్నారో ఏమో కలిసి."

"ట్రిఫోన్ కూడా ఉన్నాడంటే సాసేజీయే అయ్యుంటుంది. నిన్న నేను కొన్నాను."

"తిన్నావా?"

"సగం."

"మిగతా సగం డాక్టరుకు చూపించు. నువ్వు మాత్రం పడుకో."

గంటలు కొట్టే అతను చర్చికి పరుగెత్తి, ఒక్కొక్కరికీ విడివిడిగా గంటలు కొట్టాడు. ఫాదర్ నికోదీంను అడిగి కొడదామంటే ఆయన పేరూ జాబితాలోనే ఉంది. నికోదీం ద్రాక్షతోటలో ఉండి గంటలు విన్నాడు. ఎవరో పాపం అయిదుగురనుకుని, అక్కడే మోకరిల్లి తెలియకుండానే తన ఆత్మకు కూడా కలిపి ప్రార్థించాడు.

ట్రిఫోన్ కొట్టు వెనక వైపు పంది ఎముకలు కొడుతున్నాడు. ముందు వైపు అతని కోసం పువ్వులు పెట్టి వెళ్తున్నారు. లోపల కత్తి చప్పుడు వినపడుతూనే ఉన్నా, "పాపం, కొడుకప్పుడే పనిలో దిగాడు" అనుకున్నారు. ట్రిఫోన్‌కు కొడుకులు లేరన్న సంగతి ఆ దుఃఖంలో ఎవరికీ తట్టలేదు.

మించో కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. చూపు ఆనదు. పక్కింటి ఆవిడ అతన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"బాబాయ్, నువ్వు పోయావు."

"ఎప్పుడు?"

"పొద్దున తొమ్మిదీ పదహారుకట. తలుపు మీదుంది."

మించో ఆలోచించాడు. "అందుకేనా మోకాలు నొప్పి లేదు ఇవాళ" అని, ఇంటికెళ్లి, పెట్టెలోంచి పెళ్లినాటి కోటు తీసి తొడుక్కుని, మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. మధ్యాహ్నం దాకా పన్నెండు మంది వచ్చి చూసిపోయారు. ఎవరెవరు వచ్చారో ఒక కన్ను సగం తెరిచి లెక్క పెట్టుకున్నాడు.

మూడు గంటల బస్సులో మేయరు లాజర్ దిగాడు. బస్సుస్టాపు దగ్గర జనం ఒక్కసారిగా మాట ఆపేశారు. ఎన్నికల మనిషి కనుక అతను అందరికీ చేతులు కలిపాడు. ఎవరి చెయ్యి చూసినా చల్లగా తగిలింది. బడి టీచరమ్మ వణుకుతూ పూలగుత్తి అందించింది. లాజర్ అలవాటుగా పువ్వులు లెక్క పెట్టాడు. ఆరు. బతికున్నవాళ్లకు ఆ ఊళ్లో ఎవరూ సరిసంఖ్యలో పువ్వులివ్వరు.

"ఆరు ఇచ్చావేంటమ్మా?"

"నాలుగైతే మీ హోదాకు తక్కువవుతుందనండీ."

పావుగంటలో లాజర్ స్తమెంక వంటింట్లో ఉన్నాడు. ఆమె మసి చేతులతో మిరపకాయల తొక్క తీస్తోంది.

"వదినా, నన్ను చంపావు."

"నువ్వే అంటించమన్నావు. మొదట నీ పేరే పెట్టమన్నావు."

"నల్లగీత పెట్టమన్నానా?"

"అది నమూనాలోనే ఉంది లాజర్."

"తీసెయ్యొచ్చుగా."

"నమూనా ఉన్నదున్నట్టు ఉంచాలని మొదటి మెట్టులోనే ఉంది."

"రేపు పొద్దున మా ఆవిడ పింఛను కాగితాలు పట్టుకుని తిరుగుతుంది, నేను ఇంట్లో ఉండగానే. చాలు. ఆ యంత్రాన్ని ఇంక ముట్టుకోకు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు మా వల్ల కాలేదని నేనే చెప్తాను. పట్టుకుపోనీ. తాళంచెవి ఇలా ఇవ్వు."

ఆమె చేతులు కడుక్కుని, మేకుకున్న తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది. అతను వెళ్లాక పీట మీద కూర్చుంది. ఫ్రిజ్ ఆగింది. రేపు పొద్దున ఎనిమిది అవుతుంది, ఎల్లుండి కూడా ఎనిమిది అవుతుంది, తను ఈ పీట మీదే ఉంటుంది. ఇంతవరకూ ఆలోచించి, లేచి, ఉప్పు జాడీ మూత తీసింది. వెలికో తాళంచెవి అక్కడుంది.

మర్నాడు ఆరున్నరకే వెళ్లింది. మేయరు తొమ్మిదికి ముందు లేవడని ఊరంతటికీ తెలుసు. అయిదు కాగితాలూ తడిపి జాగ్రత్తగా ఒలిచింది. లోపల కంప్యూటరు మీట నొక్కింది, మొదలు నొక్కింది, సిద్ధం అని వచ్చాక పొయ్యి ముట్టించింది. అలా రోజూ వెళ్లింది. మూడో రోజున జ్లాత్కా సైకిలు గోడకానించి లోపలికొచ్చింది.

"అక్కా, నా కాగితం తీసేశావట."

"తప్పయిపోయింది జ్లాత్కా."

"తప్పేం లేదు. మళ్లీ అంటించు. పన్నెండేళ్లలో మొదటిసారి మా కోడలు నాకోసం ఏడ్చింది. నేను ఇంటికొచ్చేసరికి సూపు కూడా చేసి ఉంచింది. ఎవరికోసమని నేనడగలేదు."

ఆ వెనకే మించో వచ్చాడు. అతనికి వేరే ఫిర్యాదు ఉంది.

"కోడలా, ఫొటో పెట్టలేదేం? అందరికీ ఫొటో ఉంటుంది. నాది పట్టాళంలో తీసింది ఉంది, మీసాలతో."

"ఈ యంత్రానికి ఫొటో రాదు బాబాయ్."

"వెలికో ఉంటే వచ్చేది."

ఆమె తల వంచుకుంది. మించో అన్న మాటకు నాలిక్కరుచుకున్నట్టు కర్రతో నేల గీశాడు. "సరే, కాగితమే ఇవ్వు. ఇంట్లో పెట్టుకుంటాను. పన్నెండు మంది వచ్చారు, తెలుసా" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు అక్టోబరు ఇరవయ్యయిదున వచ్చింది. పేరు స్నెజానా, సన్నటి మనిషి, చలికోటు బొత్తాలు మెడ దాకా పెట్టుకుని, చేతిలో అచ్చు వేసిన తనిఖీ పత్రం ఒకటి పట్టుకుని కారు దిగింది. మేయరు ఎదురెళ్లి, "మా వల్ల కాలేదండీ" అన్నాడు.

"కాలేదని రాయాలన్నా నేను కళ్లతో చూడాలి. తలుపు తియ్యండి."

లాజర్ తాళంచెవి దూర్చాడు. కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు, భుజంతో గుద్దాడు, మోకాలితో గుద్దాడు. ఆ మోకాలే మళ్లీ వాచింది. ఇరవై నిమిషాలయ్యాక స్తమెంక కోసం మనిషిని పంపించాడు. ఆమె ఇంట్లో లేదు. ఆ తలుపు లోపలే ఉంది. చప్పుడు వింటూ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఎంతకీ ఆగకపోయేసరికి లోపలి నుంచి గడియ తీసింది.

మేయరు చేతిలోని తాళంచెవి చూశాడు, ఆమెను చూశాడు. పక్కకు జరిగి ఇన్‌స్పెక్టరుకు దారిచ్చాడు.

స్నెజానా కోటు విప్పకుండానే కంప్యూటరు ముందు కూర్చుంది. పత్రం పక్కన పెట్టుకుంది.

"ఎనభై ఎనభై" అని చదివింది.

"మాది ఎనభై ఎనభై ఒకటండీ" అంది స్తమెంక.

"ఇందులో ఎనభై ఎనభై అని అచ్చు వేసుంది. అచ్చు మీద కొట్టేసి రాయడానికి నాకు అధికారం లేదు."

"పక్క గుమ్మమేనండీ. ఒక్క నంబరు తేడా."

"ఒక్క నంబరైనా అంతే."

"ఎనభై ఎనభైలో ఎవరో ఉన్నారండీ. ఊరంతా సమావేశం పెట్టి వెతికాం. తేలలేదు."

"పుస్తకంలో రాసుంది, సంతకాలున్నాయి" అన్నాడు మేయరు.

స్నెజానా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అప్పటికి గుమ్మంలో జ్లాత్కా, మించో, ట్రిఫోన్, ఇంకా పదిమంది చేరారు. స్తమెంక నెలన్నర శ్రమ పక్క గుమ్మంలో సిద్ధంగా కూర్చునుంది, ఈవిడ చూస్తే దాని వంక చూడనంటోంది. స్నెజానా 8080 అని కొట్టి నొక్కింది.

పేజీ తెరుచుకుంది.

అదే నమూనా. పేరు రాయడానికి అదే గడి. కాని నల్లగీత లేదు. దాని బదులు, కాల్చకముందు మిరపకాయకుండే ఎరుపు. స్నెజానా గడిలో తన పేరు రాసింది. జవాబు వచ్చింది. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివింది.

"శుభోదయం స్తమెంకా. టీ తాగావా?"

"నేను స్నెజానా అని రాశాను" అందావిడ. మళ్లీ రాసింది. మళ్లీ అదే. మేయరును పిలిచి అతని పేరు రాయమంది. శుభోదయం స్తమెంకా, టీ తాగావా. మించో కర్రతో దారి చేసుకుని వచ్చి, "నాది పెట్టండి, నా పేరు దానికి అలవాటే" అన్నాడు. శుభోదయం స్తమెంకా, టీ తాగావా.

"ఎవరు వచ్చి తట్టినా ఒక్కరికే జవాబిస్తోంది" అంది స్నెజానా. "ఎవరు పెట్టారిది?"

"మా ఆయన" అంది స్తమెంక.

"ఏప్రిల్ పదకొండు నుంచి ఉందని చూపిస్తోంది. కంప్యూటరు మీట నొక్కగానే తనంతట తానే మొదలయ్యేలా అమర్చి ఉంది. ఇవాళ్టి దాకా ఒక్కరూ తట్టలేదు."

అంటే వేసవి అంతా, శరదృతువంతా, ఆమె వచ్చి మీట నొక్కిన ప్రతి పొద్దునా, ఆమె పొయ్యి ముట్టించేలోపే అది లేచి తలుపు వెనక కూర్చునేది. ఈ మాట ఆమె పైకి అనలేదు. చేతిగుడ్డతో బల్ల మీద లేని దుమ్ము తుడిచింది.

మేయరు గొంతు సవరించుకున్నాడు. "అయితే ఆక్రమణదారు వెలికోనా? ఊరంతటి చేతా సంతకాలు పెట్టించాను నేను."

"ఇది తప్పు కిందకు వస్తుందా?" అని స్తమెంక ఇన్‌స్పెక్టరును అడిగింది.

స్నెజానా పత్రం రెండు వైపులా తిప్పి చూసింది. "ఇందులో రెండే ప్రశ్నలున్నాయి. నడుస్తోందా? నడుస్తోంది. అడిగినవాళ్లకు జవాబిస్తోందా?" ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "ఇస్తోంది. ఏమని ఇస్తోందో రాయడానికి గడి లేదు." రెండు చోట్లా టిక్కులు పెట్టి, ముద్ర వేసి, లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "తాగారా మరి?" అని అడిగింది.

"ఇంకా లేదండీ."

"తాగండి. అన్నిసార్లు అడిగింది కదా."

కంప్యూటరు ఉండిపోయింది. గది ఉండిపోయింది. మేయరు తన దగ్గరున్న తాళంచెవి బల్ల మీద పెట్టి, "ఇది నా దగ్గరున్నా ఒకటే, లేకపోయినా ఒకటే" అని కుంటుకుంటూ వెళ్లాడు.

మర్నాడు సెయింట్ దిమితార్ పండుగ. వెలికో పోయి సరిగ్గా ఆరు నెలలు. ఆరు నెలల కాగితాలు అందరూ జిల్లా కేంద్రంలో అచ్చు వేయిస్తారు. స్తమెంక వెళ్లలేదు. పొద్దున తన ఎనభై ఎనభై ఒకటి తెరిచి, గడిలో వెలికో అని రాసింది. శుభదినం. వెలికో. మీ రాక నమోదైంది. ఏడూ అయిదు. చుట్టూ వేలెడు నల్లగీత. అచ్చు వేసి, పిండి జిగురు రాసి, పాత రెండు కాగితాల పక్కన, వంకర లేకుండా అంటించింది.

రోడ్డు అవతల మించో ఆగాడు. టోపీ మీదికి వెళ్లిన చెయ్యి సగంలో నిలిచిపోయింది.

"కోడలా, ఇది నిజమైనదా, నమూనానా?"

"నిజమైనదే బాబాయ్."

మించో టోపీ తీశాడు. చలిలో బట్టతలతో చాలాసేపే నిలబడ్డాడు. తర్వాత టోపీ పెట్టుకుంటూ అడిగాడు.

"వాడికీ ఫొటో లేదా?"

"ఆయనకీ లేదు."

"అయితే సరే" అని తృప్తిగా కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

స్తమెంక లోపలికి వెళ్లింది. పొయ్యి మీద లిండెన్ పూల టీకి నీళ్లు పెట్టింది. నీళ్లు కాగేలోపు కంప్యూటరు ముందు కూర్చుని, ఎనభై ఎనభై తెరిచి, గడిలో తన పేరు రాసింది. ఈసారి సిగ్గేయలేదు.